పదిహేడో మైలు

ఇరవై రెండేళ్లు కాన్సాస్‌లో కౌంటీ రోడ్లు చదును చేశాను.
గ్రేడర్ బ్లేడు కింద ఏం నలిగిందో
వెనక్కి తిరిగి చూసే ఉద్యోగం కాదది.

ఆ జూన్‌లో మాత్రం, పదిహేడో మైలు దగ్గర,
సున్నపురాయి గట్టు అంచున
ఇంజను వేడెక్కి ఆగిపోయింది.
మెకానిక్కు వచ్చేసరికి పొద్దు గుంకింది.
పగలంతా చెంప వాయించిన గాలి
కాస్త మెత్తబడిన ఆ వేళ
రాళ్ల మీద సాగిలపడ్డ ఒక మొక్క
మొగ్గ విప్పింది, నా కళ్ల ముందే.
మొదట ఒక వణుకు.
తర్వాత చుట్టిన గొడుగు సడలినట్టు
నాలుగు రేకులు,
అరచేయంత పసుపు.

మర్నాడు నేను చెక్కాల్సింది ఆ గట్టునే.

పార తెచ్చి తవ్వాను. మూరెడు తవ్వాను.
ఇంకా కిందికే పోతోంది వేరు,
రాతి పగులులో, నా బొటనవేలంత లావున.
చివరికి టప్పున తెగింది.
లారీ టైరు పేలినా నేనంత ఉలిక్కిపడలేదు.
బకెట్లో ఇంటికి తెచ్చి
పెరటి నల్లమట్టిలో పాతి
ఎరువేసి, రెండు పూటలా నీళ్లు పోసి
తొమ్మిది రోజుల్లో చంపాను.

ధాన్యం కాటా దగ్గర కూర్చునే వెల్డా హోస్టెట్లర్
విని నవ్వలేదు.
"గారాబం చేశావు ఆర్లిస్.
అది పస్తులకి పుట్టిన మొక్క."
రసీదుల కవరులో ఒక కాయ వేసి ఇచ్చింది.
నాలుగు రెక్కల కాయ, ఎండి, కాగితంలా గలగలమంటూ.
గాలికి దొర్లిపోయి
ఎక్కడో ఎవరికీ చెప్పకుండా పగిలే రకం.

గింజకి చలి తగలాలట.
తడి ఇసుకలో కలిపి జామ్ సీసాకెత్తి
ఫ్రిజ్‌లో వెన్న పక్కన రెండు నెలలు ఉంచాను.
పాడైన పంచదార అనుకుని
మా డార్లా ఒకసారి పారబోయబోయింది.

దక్షిణం వైపు నల్లమట్టి తీసేసి
కంకర, సున్నపురాయి పొడి
మోచేతి లోతున నింపాను.
"ఇక్కడ కూడా రోడ్డేస్తున్నావా?" అన్నాడు పక్కింటి పిల్లాడు.
అవునన్నాను. వేరు నడవడానికి.

మొదటి ఏడు నేలకంటుకుని నాలుగు సన్నాకులు.
ఆగస్టు ఎండలో గొట్టం పట్టుకుని నిలబడి
పొయ్యకుండా తిరిగొచ్చిన సాయంత్రాలు
లెక్కపెట్టలేదు.
చెయ్యకుండా ఉండడమూ ఒక పనేనని
అరవైలో తెలిసింది నాకు.

రెండో ఏడు కుందేలు సగం మేసింది.
మిగతా సగాన్ని శీతాకాలం తీసుకుంది.
మార్చి దాకా వట్టి కంకర.
"పోయిందా?" అంది డార్లా.
కంకరని అడిగితే ఏం చెబుతుంది?

మూడో ఏడు మే నెలాఖరున
వెల్డాకి ఫోను చేశాను.
పెరట్లో మూడు మడత కుర్చీలు వేశాను.
ఎనిమిదీ ఇరవై దాకా గోధుమ ధర గురించి మాట్లాడుకున్నాం.
ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి పూసినవి ఐదు.
ఎక్కణ్ణుంచి వాసన పట్టిందో
బూడిద రంగు చిమ్మట ఒకటి, పిట్టంత పెద్దది,
గాల్లోనే నిలబడి
బెత్తెడు గొట్టంలోకి బెత్తెడు నాలుక దించింది.
రేకుల మీద రెక్కల గాలి మాత్రం తగిలింది.
అంత బరువు బ్లేడుని అన్నేళ్లు నడిపాను,
ఒక్కసారీ అలా ఆనీ ఆనకుండా నడపలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఐదూ
వాడి, నారింజ రంగుకి తిరిగి వేలాడాయి.
డార్లా తుంచబోతే వద్దన్నాను.
కాయలు కట్టేది అక్కడే.

చలికాలం కాయలు ఎండాక మూడు తీసుకెళ్లి
పదిహేడో మైలు గట్టు మీదికి విసిరాను.
ఇప్పుడా గ్రేడరు మీద ట్రెసా అనే పిల్ల ఉంది.
అక్కడికి వచ్చేసరికి బ్లేడు ఒక జానెడు ఎత్తమన్నాను.
ఎందుకంది.
జూన్‌లో ఒకరోజు పొద్దుగుంకే వేళ
ఇంజను ఆపి చూడమన్నాను.

ఇంకా ఫోను రాలేదు.
ఇది రెండో ఏడే కదా.